భాష గొంతులో పుట్టలేదు: జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల రచయితలకు, వాటిని పరిశీలించి ఆమోదించే సంపాదక మండళ్లకు,

నమస్కారం. నేను బధిర విద్యార్థులకు సైన్సు బోధించే ఉపాధ్యాయురాలిని. మానవ పరిణామం పాఠంలో భాష గురించి మీరు రాసే ఆ నాలుగైదు వాక్యాలు మార్చమని అడగడానికే ఈ లేఖ.

నేను బోధించిన పుస్తకాల్లో ఆ పాఠం తీరు దాదాపు ఒకటే. రెండు కాళ్ల మీద నిలబడటం, రాతి పనిముట్లు, నిప్పు, పెరిగిన మెదడు అంటూ వరసగా పేజీలు సాగుతాయి. భాష దగ్గరికి వచ్చేసరికి మనిషి తలను నిలువుగా కోసినట్టు ఒక బొమ్మ, పక్కన చింపాంజీ తల ఇంకొకటి. మనిషిలో స్వరపేటిక కిందికి దిగింది కాబట్టి మాట వచ్చింది, మాట వచ్చింది కాబట్టి మనిషి మిగతా జంతువుల నుంచి వేరయ్యాడు అని రెండు ముక్కలు. కాస్త కొత్త ముద్రణల్లో 'భాషా జన్యువు' పేరుతో ఓ చిన్న పెట్టె. అంతే, పాఠం వ్యవసాయం మీదికి వెళ్లిపోతుంది.

మనిషి చేసే పనుల్లో నాకు ఇంతకంటే అబ్బురంగా కనిపించేది లేదు. నిన్న జరిగింది, రేపు జరగబోయేది, ఎన్నడూ జరగనిది కూడా ఒకరి మనసులోంచి ఇంకొకరి మనసులోకి చేరుతోంది. దానికి అర పేజీ చాలదు. పైగా ఆ అర పేజీ పిల్లలను తప్పుదారి పట్టిస్తోంది. భాష పుట్టుకను గొంతులోనో, ఒక జన్యువులోనో చూపించడం మానండి. అది మనుషుల మధ్య, ముఖ్యంగా పిల్లల మధ్య పుడుతుంది. అలా పుడుతుండగా చూసి, కొలిచి రాసిపెట్టిన ఆధారాలున్నాయి. వాటితో పాఠం రాయండి. నా విన్నపం ఇదే.

ముందు గొంతు సంగతి. 1971లో ఫిలిప్ లీబర్మన్, ఎడ్మండ్ క్రెలిన్ అనే శాస్త్రవేత్తలు ఫ్రాన్స్‌లో దొరికిన ఒక నియాండర్తాల్ (అంతరించిపోయిన మన దగ్గరి బంధు మానవజాతి) పుర్రె ఆధారంగా ఆ మనిషి స్వరమార్గం, అంటే గొంతు నుంచి పెదవుల దాకా ధ్వని సాగే దారి, ఎలా ఉండేదో ఊహించి కట్టారు. మనం పలికే ఆ, ఈ, ఊ వంటి అచ్చులను నియాండర్తాల్ మనుషులు స్పష్టంగా పలకలేకపోయేవారని తేల్చారు. ఈ వాదం బొమ్మ గీయడానికి అనువైనది, ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలైనది. పాఠాల్లో అంత గట్టిగా స్థిరపడటానికి కారణం అదేనని నా అనుమానం. కానీ దాని కింద నేల అప్పటినుంచీ కదులుతూనే ఉంది. 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో సుమారు 60,000 ఏళ్లనాటి నియాండర్తాల్ అస్థిపంజరం బయటపడింది. దానితో పాటు నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక కూడా చెక్కుచెదరకుండా దొరికింది. అది ఆకారంలో మన ఎముకను చాలా దగ్గరగా పోలి ఉంది. 2001లో టెకమ్సే ఫిచ్, డేవిడ్ రెబీ ఎర్ర జింకల్లో మగవాటికి స్వరపేటిక కిందికి దిగే ఉంటుందని చూపించారు. గొంతు బొంగురుగా, గంభీరంగా వినిపించి తమ శరీరం పెద్దదని నమ్మించడానికి వాటికది పనికొస్తుంది. ఆ జింకలు మాట్లాడవు కదా. 2016లో ఫిచ్, ఆసిఫ్ ఘజన్‌ఫర్, వారి సహచరులు ఒక మకాక్ కోతి తినేటప్పుడు, అరిచేటప్పుడు గొంతు ఎలా కదులుతుందో ఎక్స్‌రే వీడియోలు తీసి, ఆ కొలతలను కంప్యూటర్‌కు ఇచ్చారు. ఆ గొంతుతో అర్థమయ్యే వాక్యాలు పలకవచ్చని తేలింది. కోతికి లేనిది మాటకు సరిపడే గొంతు కాదు, ఆ గొంతును మాటకు తగ్గట్టు నడిపే మెదడు.

ఇంత జరిగాక కూడా ఆ నిలువుకోత బొమ్మ మీ పాఠాల్లో ఒంటరిగా కొనసాగుతోంది. చిన్న లోపమే కదా అని మీరు అనుకోవచ్చు. నా తరగతిలో అది చిన్న లోపం కాదు. ఆ పాఠం చెబుతున్న రోజు ఒక విద్యార్థిని బొమ్మ మీద వేలు పెట్టి, పెదవులు, నాలుక, స్వరపేటిక అన్న పేర్లను ఒక్కొక్కటిగా తాకుతూ వెళ్లి, చివర్లో నావైపు తిరిగి సంజ్ఞలతో అడిగింది: "ఇందులో చేతులు ఎక్కడున్నాయి?" ఆ అమ్మాయి చేతులతో కథలు చెబుతుంది, పేచీ పెడుతుంది, అబద్ధమాడుతుంది, లెక్క తప్పితే వాదిస్తుంది. మాట వల్లే మనిషి జంతువు నుంచి వేరయ్యాడన్న వాక్యం ఆమెను ఏ వైపు నిలబెడుతోంది? రాసినవారికి ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ ఆ వాక్యానికి ఒక చరిత్ర ఉంది.

1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. సంజ్ఞల కంటే మాట నిస్సందేహంగా శ్రేష్ఠమని, బధిర పిల్లలకు మాటతోనే చదువు చెప్పాలని అది తీర్మానించింది. ఓటు వేసినవారిలో బధిరులు దాదాపు లేరు. ఆ తరవాత అనేక దేశాల్లో బడుల నుంచి సంజ్ఞా భాషలను తరిమేశారు, బధిర ఉపాధ్యాయులు కొలువులు పోగొట్టుకున్నారు, చేతులు కదిపిన పిల్లలు దెబ్బలు తిన్నారు. పరిణామ సిద్ధాంతాన్ని మెట్ల వరసగా అపార్థం చేసుకుని, సంజ్ఞ ఆదిమ దశకు, మాట నాగరిక దశకు చెందినవని వాదించినవారు ఆ కాలంలో చాలామందే ఉన్నారు. అంటే మీరు రాసే పాఠం తాలూకు వక్రభాష్యం కూడా ఆ నిషేధానికి ఊపిరిపోసింది. ఆ తీర్మానాలను తిరస్కరిస్తున్నామని, వాటివల్ల జరిగిన హానికి చింతిస్తున్నామని అదే మహాసభ 2010లో కెనడాలోని వాంకూవర్‌లో ప్రకటించింది. అప్పటికి 130 ఏళ్లు గడిచాయి.

విజ్ఞానశాస్త్రం అంతకాలం ఆగలేదు. 1960లో వాషింగ్టన్‌లో బధిరుల కోసం నడిచే గాలడెట్ కళాశాలలో పనిచేసే విలియం స్టోకీ అమెరికన్ సంజ్ఞా భాషను విశ్లేషించి, ప్రతి సంజ్ఞా చేతి ఆకారం, చేసే చోటు, కదలిక అనే చిన్న భాగాల కలయికగా ఏర్పడుతుందని చూపించారు. ధ్వనుల కలయికతో పదాలు ఏర్పడే పద్ధతే ఇదీ. 1980ల్లో ఉర్సులా బెలూగీ, ఆమె సహచరులు పక్షవాతం వచ్చిన బధిరులను పరీక్షించారు. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నవారిలో కొందరు సంజ్ఞా భాషలో వాక్యం అల్లలేకపోయారు, కానీ చేతులు మామూలుగానే ఆడేవి, మూకాభినయం చేయమంటే చేసేవారు. కుడి భాగం దెబ్బతిన్నవారికి బొమ్మలు గీయడం, స్థలాన్ని పోల్చుకోవడం కష్టమైంది, కానీ సంజ్ఞా భాష నిలిచింది. మాట్లాడేవారిలో భాషను నడిపే మెదడు భాగాలే చేతుల భాషనూ నడుపుతున్నాయన్నమాట. ఇక 1991లో లారా ఆన్ పెటిటో, పౌలా మరెన్‌టెట్ సంజ్ఞా భాష వాడే ఇళ్లలోని బధిర శిశువులు చేతులతో 'బబబ' అంటారని గమనించారు. మిగతా పిల్లలు నోటితో అక్షరాలు తిప్పినట్టే, ఆ వయసులోనే, వీరు అర్థం లేని చేతి కదలికలను లయగా తిప్పుతారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం నా విద్యార్థులకు కూడా దక్కాలని నా కోరిక.

గొంతు కాదంటే మరి మనిషికి ప్రత్యేకంగా ఉన్నదేమిటి? ఇక్కడ చింపాంజీల కథ ఉపయోగపడుతుంది, మీరు దాన్ని వదిలేయడం నాకు ఆశ్చర్యం. 1940ల చివర్లో కీత్, కేథరిన్ హేస్ దంపతులు వికీ అనే చింపాంజీ పిల్లను ఇంట్లో బిడ్డలా పెంచి మాటలు నేర్పబోయారు. ఏళ్ల తరబడి శ్రమిస్తే నాలుగు పదాలు, అవీ కష్టంగా పలికేది. 1966లో అలెన్, బియాట్రిస్ గార్డ్‌నర్ ఆలోచన మార్చి వాషో అనే చింపాంజీకి చేతి సంజ్ఞలు నేర్పారు. అది 130 దాకా సంజ్ఞలు నేర్చింది. గొంతు అడ్డు తొలగింది కదా, ఇక భాష వచ్చేస్తుందని చాలామంది ఎదురుచూశారు. తరవాత హెర్బర్ట్ టెరస్ నిమ్ అనే చింపాంజీని పెంచి, 1979లో ఫలితాలు ప్రచురించారు. నిమ్ చేసిన అతి పొడవైన సంజ్ఞల వరసలో 16 సంజ్ఞలున్నాయి: ఇవ్వు నారింజ నాకు ఇవ్వు తిను నారింజ నాకు తిను నారింజ ఇవ్వు నాకు తిను నారింజ ఇవ్వు నాకు నువ్వు. వరస పొడవైంది, అర్థం పెరగలేదు. రెండేళ్ల పిల్ల చెప్పే నాలుగు పదాల వాక్యంలో ఇంతకంటే ఎక్కువ సమాచారం ఉంటుంది. ఇంకొక తేడా నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. నిమ్ అడిగినవన్నీ దాదాపు కోరికలే. అదిగో చూడు అని చెప్పడానికి చెప్పింది దాదాపు లేదు.

ఏడాది నిండబోతున్న ఏ పసిపాపనైనా గమనించండి. ఒడిలో కూర్చుని కిటికీ బయట వాలిన పిట్టను చూస్తుంది. చెయ్యి చాచి చూపుడు వేలు పెడుతుంది. ఆ వెంటనే చూపు పిట్ట మీదినుంచి తల్లి ముఖం మీదికి తిప్పుతుంది, తల్లి చూస్తోందో లేదోనని. తల్లి పిట్టవైపు చూసి "పిట్ట" అంటే పాప తృప్తి పడుతుంది. పాపకు ఆ పిట్ట అక్కర్లేదు. తాను చూసింది ఇంకొకరు కూడా చూడాలి, ఇద్దరూ ఒకే దాన్ని చూస్తున్నామని ఇద్దరికీ తెలియాలి. అదే కావాలి దానికి. మైకేల్ తొమసెల్లో, ఆయన సహచరులు దశాబ్దాలుగా ఈ చూపుడు వేలినే పరీక్షిస్తున్నారు. పెద్దవారు ఏదైనా వెతుకుతుంటే ఏడాది వయసు పిల్లలు అదెక్కడుందో వేలితో చూపించి సాయం చేస్తారు, ప్రతిఫలం ఆశించకుండా. అడవిలోని చింపాంజీల సైగలు ఎంతో సంక్లిష్టమైనవి, వాటి కూతల గురించి ఇంకా కొత్త సంగతులు తెలుస్తూనే ఉన్నాయి. కానీ కేవలం పంచుకోవడానికి ఇలా వేలు చూపించడం వాటిలో చాలా అరుదు. మొదటి పదం కంటే ముందే పాపలో భాషకు పునాది పడింది. అది కళ్లు, వేలు, ఎదుటి మనిషి కలిసి వేసిన పునాది. గొంతు ప్రసక్తి అందులో ఇంకా రాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. భాష పుడుతుండగా చూసిన సంఘటన మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో జరిగింది. మీ పాఠంలో దేనికైనా రెండు పేజీలు ఇవ్వాల్సి వస్తే దీనికివ్వండి.

1970లకు ముందు ఆ దేశంలోని బధిరులు చాలామటుకు ఎవరి ఇళ్లలో వారు విడివిడిగా ఉండేవారు. ఇంట్లోవాళ్లతో సొంతంగా కల్పించుకున్న కొద్ది సైగలే వారికున్న సాధనం. 1977లో రాజధాని మనాగ్వాలో ప్రత్యేక విద్యా కేంద్రం తెరిచారు. 1979 విప్లవం తరవాత విద్యార్థులు పెరిగి వందల్లోకి వచ్చారు. తరగతిలో ఉపాధ్యాయులు నేర్పబోయింది స్పానిష్, అదీ పెదవుల కదలిక చూసి పట్టుకోవడం. అది పెద్దగా సాగలేదు. అయితే ఆటస్థలంలోనూ బస్సుల్లోనూ పిల్లలు తమ ఇళ్ల సైగలను ఒకరికొకరు చూపించుకుంటూ, కలుపుకుంటూ ఒక ఉమ్మడి పద్ధతిని తయారుచేసుకున్నారు. వారికి దాన్ని నేర్పినవారు ఎవరూ లేరు. 1986లో భాషావేత్త జూడీ కెగ్ల్ వెళ్లి చూసేసరికి చిన్న పిల్లలు పెద్ద పిల్లలకంటే వేగంగా, చిక్కని వ్యాకరణంతో సంజ్ఞలు చేస్తున్నారు.

ఆ చిక్కదనం ఎలాంటిదో 2004లో ఆన్ సెంగాస్, సొటారో కిటా, అస్లీ ఓజ్యురెక్ ప్రచురించిన పరిశోధన కళ్లకు కట్టిస్తుంది. ఒక కార్టూన్ చూపించారు. అందులో పిల్లి ఒక బంతిని మింగి, ఏటవాలు వీధిలో దొర్లుతూ కిందికి పోతుంది. ఆ దృశ్యాన్ని చెప్పమన్నారు. స్పానిష్ మాట్లాడేవారు మాటతో పాటు చెయ్యి ఊపినప్పుడు, చేతిని సుళ్లు తిప్పుతూ కిందికి దించేవారు. దొర్లడం, దిగడం రెండూ ఒకే కదలికలో. కళ్లకు కనిపించేదీ అలాగే కదా. మొదటి తరం బధిర విద్యార్థులు కూడా ఎక్కువగా అలాగే చెప్పారు. తరవాత చేరినవారు ఎక్కువగా అలా చేయలేదు. ముందు 'దొర్లు' అన్న సంజ్ఞ, ఆ తరవాత 'దిగు' అన్న సంజ్ఞ, రెండు విడి ముక్కలుగా. దృశ్యంతో పోలిక తగ్గింది. కానీ విడదీసిన ముక్కలు ఇప్పుడు విడిగా వాడుకోవచ్చు. దొర్లుతూ ఎక్కడం, దూకుతూ దిగడం, దొర్లకుండా దిగడం, ఏది కావాలంటే అది కూర్చుకోవచ్చు. ప్రపంచంలోని భాషలన్నీ చేసే పని ఇదే. అనుభవాన్ని ముక్కలు చేసి, ముక్కలను క్రమంలో పేర్చడం. ఆ పని చేసింది పిల్లలు. వారికి ఆదర్శంగా నిలవాల్సిన పెద్ద విద్యార్థుల సంజ్ఞల్లో అది తక్కువే. నేర్చుకునే క్రమంలోనే ఈ పిల్లలు దాన్ని పెంచి స్థిరపరిచారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పిల్లలకు భాష పుట్టుకతోనే తలలో ఉంటుంది, ఊరికే వదిలేసినా వచ్చేస్తుందని దీన్నుంచి అర్థం తీయకూడదు. ఒంటరిగా ఉన్న బధిర పిల్లలు ఇంట్లో కల్పించుకునే సైగలను సూజన్ గోల్డిన్ మెడో ఏళ్ల తరబడి పరిశీలించారు. వాటిలో పదక్రమం వంటి నిర్మాణం ఉంది, అది పిల్లల గొప్పతనం. కానీ ఒక్క పిల్లతో అది పూర్తి భాష కాలేదు. తోటివారు కావాలి, తరవాతి తరం కావాలి. బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. తొలి ఏళ్లలో చేతికి అందే భాష లేకపోతే ఆ లోటు జీవితాంతం వెంటాడుతుంది. దాని ఫలితాన్ని నేను తరగతిలో చూస్తూనే ఉన్నాను. ఆలస్యంగా చేరిన తెలివైన పిల్లలు మొదటి ఏళ్లలో ఎవరూ చేయి కలపనందుకు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో చెప్పడానికి నాకు మనసు రాదు.

తరం నుంచి తరానికి అందడమే నిర్మాణాన్ని ఇస్తుందనడానికి ప్రయోగశాలలోనూ సాక్ష్యం ఉంది. 2008లో సైమన్ కర్బీ, హనా కార్నిష్, కెనీ స్మిత్ మూడు ఆకారాలు, మూడు రంగులు, మూడు కదలికలు కలిపి 27 బొమ్మలు తీసుకుని, ఒక్కోదానికి అర్థం లేని పేరు ఇష్టం వచ్చినట్టు పెట్టారు. మొదటి వ్యక్తి కొన్ని పేర్లు నేర్చుకుని, చూడని బొమ్మలతో సహా అన్నిటికీ పేర్లు చెప్పాలి. అతను చెప్పినవి రెండో వ్యక్తికి పాఠం. అలా 10 తరాలు. ఒకే పేరు అనేక బొమ్మలకు అతుక్కోకుండా జాగ్రత్త పడినప్పుడు, చివరికి పేరులో ఒక ముక్క రంగును, ఒక ముక్క ఆకారాన్ని, ఒక ముక్క కదలికను చెప్పడం మొదలైంది. ఎవరూ అలా చేద్దామని అనుకోలేదు. తాము భాషను మారుస్తున్నట్టు కూడా వారికి తెలియదు. గుర్తుండనివి రాలిపోయాయి, నేర్వడానికి వీలైనవి మిగిలాయి. పరిణామం శరీరాల మీదే కాదు, పలుకుబడుల మీదా పనిచేస్తుంది. ఈ ప్రయోగాన్ని రంగు కాగితాలతో తరగతి గదిలోనే చేయించవచ్చు.

జన్యువు గురించి క్లుప్తంగా. లండన్‌లోని ఒక కుటుంబంలో మూడు తరాల్లో సుమారు సగం మందికి పలకడంలోనూ భాషలోనూ తీవ్రమైన ఇబ్బంది ఉంది. 2001లో దానికి కారణం ఫాక్స్‌పీ2 అనే జన్యువులోని మార్పు అని కనుగొన్నారు. గొప్ప ఆవిష్కరణ. పత్రికలు దానికి పెట్టిన పేరే ఇబ్బంది. ఆ జన్యువు ఎలుకల్లో ఉంది, పక్షుల్లో ఉంది. పాట నేర్చుకునే జీబ్రా ఫించ్ పక్షుల మెదడులో దాని పని తగ్గిస్తే అవి పాటను సరిగ్గా అనుకరించలేవు. చింపాంజీతో పోలిస్తే మనిషిలోని ఆ జన్యువులో కనిపించే రెండు మార్పులూ నియాండర్తాల్‌లోనూ ఉన్నాయని 2007లో తేలింది. మానవ పరిణామపు ఇటీవలి దశలో ప్రకృతి వరణం దాని మానవ రూపాన్ని వేగంగా వ్యాపింపజేసిందన్న వాదనకు, ఎక్కువమంది జన్యుక్రమాలు పరిశీలిస్తే ఆధారం దొరకలేదని 2018లో తేల్చారు. అది ఇతర ఎన్నో జన్యువుల పనిని నియంత్రించే జన్యువు. భాషకు అది అవసరమే. కానీ దాన్ని 'భాషా జన్యువు' అని రాయకండి.

కాలం విషయంలో కూడా ఒకే తేదీ రాసి పడేయవద్దు. పలుకులు శిలాజాలు కావు. 1866లో పారిస్ భాషాశాస్త్ర సంఘం భాష పుట్టుకపై పత్రాలు స్వీకరించబోమని నియమావళిలోనే రాసుకుంది, ఊహలకు అంతు లేకుండా పోతోందని. ఇప్పుడు మన దగ్గర హద్దులు గీసే ఆధారాలున్నాయి. నేడు భూమి మీద ఏ సమాజంలో చూసినా పూర్తి స్థాయి భాష ఉంది. ఆ సమాజాల పూర్వీకులు ఆఫ్రికాలో లక్ష ఏళ్లకు పూర్వమే వేరుపడటం మొదలుపెట్టారు. కాబట్టి భాషా సామర్థ్యం అంతకంటే పాతదై ఉండాలి. సంకేతాలు వాడే మనసుకు గుర్తుగా చాలామంది చూసే, దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో ఎర్రమట్టి రాయి మీద గీసిన గళ్ల గీతలకు సుమారు 75,000 ఏళ్లు. నియాండర్తాల్‌తో మనకున్న ఉమ్మడి పూర్వీకుల దాకా, అంటే అయిదు లక్షల ఏళ్ల వెనక్కు భాషను తీసుకెళ్లవచ్చని డాన్ డెడియు, స్టీఫెన్ లెవిన్సన్ 2013లో వాదించారు. లక్ష ఏళ్లు, అయిదు లక్షల ఏళ్లు అన్న ఈ రెండు కొసలనూ పిల్లల ముందు పెట్టండి, ఏ ఆధారం ఎటు లాగుతోందో వారినే తూచమనండి. పదిహేనేళ్ల పిల్లలు ఆ పని చక్కగా చేస్తారు. నా తరగతిలో చేస్తున్నారు.

నేను అడుగుతున్నవి ఆచరణకు కష్టమైనవి కావు. గొంతు బొమ్మ ఉండనివ్వండి, దాని పక్కన సంజ్ఞ చేస్తున్న చేతులూ, ఎడమ మెదడులోని భాషా ప్రాంతాలూ వేయండి. జన్యువు పెట్టె తీసేసి ఆ స్థలంలో నికరాగువా పిల్లల కథ రాయండి. వాషో, నిమ్, పసిపాప చూపుడు వేలు ఒకే చోట వచ్చేలా ఒక అభ్యాసం పెట్టండి. 'మాట్లాడే సామర్థ్యం' అని రాసిన ప్రతిచోటా అది భాషా సామర్థ్యమా, ఉచ్చారణా సామర్థ్యమా అని ఒకసారి ఆగి చూసుకోండి. ముద్రణకు ముందు ఆ పేజీలను బధిరులైన ఒక ఉపాధ్యాయునికో, సంజ్ఞా భాషల మీద పనిచేసే ఒక భాషావేత్తకో చూపించండి. మీరు కోరితే నేను వాడుతున్న పాఠం, ప్రయోగానికి చేసుకున్న రంగు కాగితాల నమూనాతో సహా, ఉచితంగా పంపిస్తాను. వచ్చే ముద్రణకు సవరణలు ఎప్పటిలోగా పంపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక సైన్సు ఉపాధ్యాయురాలు